వగరు రుచి, ఊదా రంగు

నేను ఎం.ఫార్మసీ చదువుతున్న రోజుల్లో, అంటే 2000 దాటిన తొలి సంవత్సరాల్లో, విశాఖపట్నంలో మందు మొక్కల మీద పని చేస్తున్న విద్యార్థులు ఎక్కడ ఎదురుపడినా "నీ డీపీపీహెచ్ అయిందా?" అని ఒకరినొకరు అడగకుండా ఉండేవారు కాదు. ఆ పొడి అక్షరాల వెనుక ఒక చాంతాడంత రసాయనం పేరు ఉంది కానీ, వైవాలో పరీక్షాధికారి పట్టుబట్టి అడిగితే తప్ప దానిని పూర్తిగా పలకవలసిన అవసరం ఎవరికీ వచ్చేది కాదు. నల్లని పొడిలా కనిపించే ఆ పదార్థాన్ని 100 మిల్లీలీటర్ల మెథనాల్‌లో సుమారు 4 మిల్లీగ్రాములు వేసి కలిపితే చాలు, ద్రావణమంతా ముదురు ఊదా రంగులోకి తిరిగేది. దానిలో మొక్క సారం కొద్దిగా కలిపి, వెలుతురు తగలకుండా బీరువాలో అరగంట ఉంచి తీస్తే, సారంలో బలం ఉన్నప్పుడు ఊదా రంగు విరిగిపోయి లేత పసుపు మిగిలేది. బలం లేనప్పుడు ఊదా ఊదాగానే ఉండేది. ఆ తేడాను కంటితోనే పోల్చుకోవచ్చు కానీ, అంకెలు కావాలి కనుక స్పెక్ట్రోఫోటోమీటరులో 517 నానోమీటర్ల దగ్గర కొలిచి, రంగు సగానికి తగ్గడానికి ఎంత సారం పట్టిందో లెక్క కట్టేవాళ్ళం. ఎంత తక్కువ పడితే ఆ మొక్కకు అంత ఎక్కువ యాంటీఆక్సిడెంట్ గుణం ఉన్నట్టు.

ఈ పద్ధతిని బ్లాయిస్ అనే శాస్త్రవేత్త 1958లోనే ప్రకటించాడు. మా కాలానికి వచ్చేసరికి అది ఇంత వాడుకలోకి రావడానికి శాస్త్రం ఒక్కటే కారణమని నేను అనుకోను. ఎలుకల మీద ప్రయోగం చేయాలంటే నైతిక సంఘం అనుమతి కావాలి, దాణా కావాలి, డబ్బు కావాలి. దీనికి ఒక చిన్న సీసా రసాయనం, కాస్త మెథనాల్, పక్క విభాగంలోనైనా పని చేసే స్పెక్ట్రోఫోటోమీటరు ఉంటే సరిపోయేది. అందువల్ల గ్రంథాలయంలో అప్పటి సిద్ధాంత గ్రంథాలు వరసగా తీసి చూస్తే, మొక్క పేరు మార్చి మిగతాదంతా అలాగే ఉంచారేమో అన్నట్టు కనిపించేవి. వాటిలో నాది కూడా ఉంది. అయినా ఆ సంవత్సరాలను నేను చులకనగా తలచుకోలేను. మా ఇంట్లో నేను చిన్నప్పటి నుంచి చూసిన అనేక పనులకు మొదటిసారి కారణం దొరికింది అక్కడే.

మా గైడు గారికి పాఠాన్ని గుడి గుమ్మంలోకి లాక్కొచ్చే అలవాటు ఉండేది. ఫ్రీ ర్యాడికల్ అంటే ఏమిటో చెప్పడానికి ఆయన, గుడి ముందు ఒక చెప్పు పోగొట్టుకున్న మనిషిని తీసుకొచ్చేవారు. అతడు ఒంటి చెప్పుతో ఇంటికి పోలేక పక్కవాడి జతలోంచి ఒకటి తొడుక్కుని పోతాడు, పక్కవాడు బయటికి వచ్చి తన ఇబ్బంది తీర్చుకోవడానికి ఇంకొకరి జత చెడగొడతాడు, అలా గుడి మూసే వేళ దాకా గొడవ నడుస్తూనే ఉంటుంది. జత తప్పిన ఎలక్ట్రాన్ ఉన్న అణువు చేసే పని అదే, మా డీపీపీహెచ్ కూడా అటువంటి అణువే. మధ్యలో ఎవరో ఒకాయన తన చెప్పు ఇచ్చేసి, ఉత్త కాళ్ళతోనే నిశ్చింతగా నడిచి వెళ్ళిపోతే గొడవ అక్కడితో ఆగుతుంది. మొక్కల్లోని ఫీనాల్ పదార్థాలు అటువంటివి. బెంజీన్ వలయానికి అంటుకుని ఉన్న హైడ్రాక్సిల్ సమూహం నుంచి ఒక హైడ్రోజన్‌ను ఇచ్చివేసిన తర్వాత కూడా, మిగిలిన ఎలక్ట్రాన్‌ను వలయమంతటా పంచుకుని అవి స్థిమితంగా ఉండగలవు. పక్కపక్కనే రెండు మూడు హైడ్రాక్సిల్ సమూహాలు ఉన్నవైతే ఈ పనిలో మరీ చురుకు. కరక్కాయలోను, ఉసిరికాయలోను పుష్కలంగా ఉండే గాలిక్ ఆమ్లానికి అటువంటివి మూడున్నాయి.

నాకు కేటాయించిన అంశం త్రిఫలాలు. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ మూడింటినీ విడివిడిగా, కలిపి పరీక్షించడం పని. పచారీ కొట్టులో దొరికే పొడులు పనికిరావని, కాయ ఏ చెట్టుదో వృక్షశాస్త్రజ్ఞులు చూసి ధ్రువీకరించాలని గైడు గారు ముందే చెప్పారు కనుక, పాడేరు వైపు సంతలకు వెళ్ళి కాయలు తెచ్చుకునేవాళ్ళం. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి మన్యంలో అటవీ ఫలసాయం కొంటూ ఉండడం వల్ల, ఏ కాయ ఏ నెలలో దిగుతుందో, ఎండిన కాయలో ఏది మేలిమో అక్కడి అమ్మకందారులకు బాగా తెలుసు. ఒక పెద్దావిడ నా చేతిలో ఉన్న కరక్కాయలను తిరిగి తీసుకుని, ఒక్కొక్కటి చెవి దగ్గర పెట్టి ఆడించి, లోపల గింజ గలగలలాడినవి పక్కన పడేసి, బరువుగా, గట్టిగా, పసుపు గోధుమ రంగులో ఉన్నవి మాత్రమే నా సంచిలో వేసింది. తర్వాత నీళ్ళలో వేస్తే మునిగే కరక్కాయ మంచిదని ఆయుర్వేద గ్రంథాల్లో చదివినప్పుడు, ఆవిడ నాకు ముందే ఆ పాఠం చెప్పేసిందని అర్థమైంది.

మా స్వస్థలం కృష్ణా జిల్లాలో పెడన దగ్గర ఒక పల్లె. మా తాతయ్యకు చలికాలం దగ్గు పట్టుకుంటే కరక్కాయ పెచ్చును నిప్పుల మీద కాస్త వేయించి బుగ్గన పెట్టుకుని, పంచాంగం చూసుకుంటూ గంటలు గంటలు ఊరబెట్టేవారు. నాకు దగ్గు వచ్చినప్పుడు నాకూ ఒక పెచ్చు దక్కేది. మొదటి క్షణంలో నాలుక ముడుచుకుపోయి, చెంపల లోపలి చర్మం గరుకు తేలినట్టయి, ఊసేద్దామంటే తాతయ్య కళ్ళెర్రజేసేవారు. "మింగకు, చప్పరించు. కాసేపట్లో అదే తియ్యబడుతుంది" అనేవారు. నిజంగానే ఆ తర్వాత మంచినీళ్ళు తాగితే తియ్యగా ఉండేవి. ఉసిరికాయ కొరికి నీళ్ళు తాగిన ప్రతి తెలుగు పిల్లవాడికీ ఈ సంగతి తెలుసు. టానిన్‌లనే ఫీనాల్ జాతి పదార్థాలు ఉమ్మిలోని మాంసకృత్తులను పట్టుకుని గడ్డకట్టించడం వల్ల నోటిలోని జారుడుతనం పోతుందని, మనం వగరు అని చెప్పుకునేది చాలావరకు ఆ గరుకుదనమేనని కళాశాలలో తెలిసింది. మేము పరీక్ష నాళికలో పేరు పెట్టి వెతుకుతున్న వాటిలో ప్రధానమైనవి ఆ టానిన్‌లే కాబట్టి, కాయ కొరికి వగరు చూసి బలం చెప్పగలిగిన మనిషి మా స్పెక్ట్రోఫోటోమీటరుకు మరీ దూరంలో ఏమీ లేడు. ఒకసారి నేను పని చేస్తున్న సారాలను రుచిని బట్టి వరసలో పెట్టి చూసుకుంటే, యంత్రం ఇచ్చిన వరసకు దాదాపు దగ్గరగానే వచ్చింది. మెథనాల్ సారాన్ని నోట్లో పెట్టుకోకూడదు గనుక, ఈ పని నీటి కషాయాలతో మాత్రమే చేశానని చెప్పాలి.

ఉసిరికాయ విషయంలో మా నాయనమ్మకు నిష్ఠ ఎక్కువ. కార్తీక మాసంలో వనభోజనాలకు చెట్టు కింద కూర్చోవడం, క్షీరాబ్ది ద్వాదశి నాడు తులసి కోటలో ఉసిరి కొమ్మ నాటడం, ఆదివారం మాత్రం ఉసిరిక ముట్టకపోవడం అందరి ఇళ్ళలోను ఉన్నవే. ఆవిడ ప్రత్యేకత తొక్కు పెట్టడంలో ఉండేది. మా ఇంట్లో రోకళ్ళన్నిటికీ చివర ఇనుప పొన్ను ఉంటే, ఉసిరికాయలు దంచడానికి మాత్రం పొన్ను లేని ఒక పాత చెక్క రోకలిని అటక మీద దాచి ఉంచేవారు. రాతి రోలు, చెక్క రోకలి, చెక్క గరిటె, పింగాణీ జాడీ, ఇవి తప్ప ఉసిరికాయ దగ్గరికి ఇంకేదీ రాకూడదు. ఒకసారి మా పిన్ని కత్తిపీట మీద తరిగిన ముక్కలు అంచుల్లో నల్లబడితే, ఆ పళ్ళెం పళ్ళెమంతా పక్కన పెట్టించారు. అంత నియమం పెట్టిన నాయనమ్మే, తలనూనె కాచేటప్పుడు గుంటగలగరాకు రసాన్నీ ఉసిరికాయ ముద్దనూ ఏరికోరి ఇనుప మూకుడులోనే వేసి రాత్రంతా నాననిచ్చి, నల్లగా తేలిన తర్వాతే నువ్వుల నూనెలో కలిపి కాచేవారు. ఎక్కడ నలుపు వద్దో, ఎక్కడ కావాలో ఆవిడకు స్పష్టంగా తెలుసు. గాలిక్ ఆమ్లం, దాని కుటుంబంలోని టానిన్‌లు ఇనుమును పట్టుకోగానే నీలి నలుపు రంగు పుడుతుంది. ఇనుము స్వేచ్ఛగా ఉంటే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను విరగ్గొట్టి, అన్నిటిలోకి ఉగ్రమైన హైడ్రాక్సిల్ ర్యాడికల్‌ను పుట్టిస్తుంది. ఫెంటన్ అనే ఆయన 1894లో గమనించిన చర్య ఇదే. టానిన్ ఆ ఇనుమును కట్టిపడేస్తే చర్య మందగిస్తుంది. అంటే హైడ్రోజన్ ఇవ్వడం ఒక దారి, ఇనుమును పట్టి ఉంచడం ఇంకొక దారి. కత్తిపీట అంచున కనబడిన మరక ఈ రెండో దారికి ఆనవాలు. ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. అన్నం తిన్న వెంటనే వగరు టీ తాగితే, అందులోని టానిన్‌లు ఆహారంలోని ఇనుమును కూడా ఇలాగే పట్టేసి ఒంటికి అందనివ్వవు. రక్తహీనత ఉన్నవారికి భోజనం కాగానే టీ వద్దనేది ఇందుకే.

పెడన దగ్గర పుట్టినందువల్ల నాకు కరక్కాయను మందుగా కంటే ముందు రంగుల పనిలో చూసే భాగ్యం కలిగింది. కలంకారీ అద్దకం వారు తెల్ల గుడ్డను ముందుగా కరక్కాయ పొడి కలిపిన నీళ్ళలో ముంచి, పిండి, ఎండలో పరిచేవారు. ఆరిన గుడ్డ లేత పసుపు రంగులో ఉండేది. ఇంకొక పక్క తుప్పు పట్టిన మేకులు, గుర్రపు నాడాలు, ఇనుప తుక్కు బెల్లం నీళ్ళలో వేసి రోజుల తరబడి పులియబెట్టిన కుండ ఉండేది. దాని మూత తీస్తే వచ్చే పులుపు వాసన బడి నుంచి ఇంటికి వెళ్ళే దారంతా వెంట వచ్చేది. ఆ కుండలోని నీళ్ళు చూడడానికి మామూలుగానే కనిపించినా, అచ్చును అందులో అద్ది గుడ్డ మీద వేయగానే, కళ్ళ ముందే గీతలు బూడిద రంగుకు, తర్వాత చిక్కని నలుపుకు తిరిగేవి. ముద్ర వేసే ఆయన మా కోసం ఒక పనికిరాని గుడ్డ పీలిక మీద నెమలి అచ్చు వేసి ఇచ్చేవారు. ఉతికినా పోని నలుపు అది. శ్రీకాళహస్తిలో అచ్చులు లేకుండా కలంతోనే బొమ్మ గీస్తారు, కరక్కాయ నీళ్ళలో గేదె పాలు కలిపి రంగు పాకిపోకుండా చూస్తారు, కానీ నలుపు పుట్టే రహస్యం రెండు చోట్లా ఒకటే. కళాశాలలో టానిన్ ఉందో లేదో తెలుసుకోవడానికి ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేసి నల్లబడిందని రాసుకున్న రోజున, ఆ పరీక్ష నాకు కొత్తగా అనిపించలేదు.

నెయ్యి సంగతి మరీ ముఖ్యం. అసలు యాంటీఆక్సిడెంట్ అనే ఆలోచన శరీరం గురించి పుట్టలేదు, సరుకు చెడిపోవడం గురించి పుట్టింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఫ్రాన్సులో మూరూ, డ్యుఫ్రేస్ అనే రసాయనవేత్తలు అక్రోలీన్ అనే విషపదార్థాన్ని నిలవ ఉంచే మార్గం వెతుకుతూ, ఫీనాల్ జాతి పదార్థాలు అతి కొద్దిగా కలిపినా ప్రాణవాయువు వల్ల కలిగే చెడుపు ఆగుతుందని కనుక్కున్నారు. రబ్బరు బిరుసెక్కడం, నూనె మక్కు వాసన కొట్టడం వంటివన్నీ ఆ కోవలోకే వచ్చాయి. మా నాయనమ్మ వెన్న కాచే పొయ్యి దగ్గర కూడా ఇదే ప్రశ్న ఉండేది. గేదె పాలు సమృద్ధిగా ఉన్న రోజుల్లో కాచిన నెయ్యి వేసవి దాటాలి, అప్పుడు మా ఊళ్ళో ఎవరింట్లోనూ ఫ్రిజ్ లేదు. వెన్న కరిగి, నురగ అణిగి, చిటపటలు సన్నగిల్లి, అడుగు కనిపించేంత తేటపడుతున్న క్షణం కోసం ఆవిడ చెవి ఒగ్గి ఉండేవారు. సరిగ్గా అప్పుడు రెండు తమలపాకులు తుంచి వేసేవారు. ఒక్కసారిగా చుర్రుమని పొంగి, ఆకులు ముడుచుకుపోయి, పచ్చని గాజు ముక్కల్లా పెళుసెక్కేవి. తమలపాకు లేని రోజున లేత మునగాకు రెబ్బ, అదీ లేకపోతే కరివేపాకు. దించి వడగట్టగానే ఆ వేగిన ఆకుల కోసం పిల్లల మధ్య పోట్లాట జరిగేది. అడుగున మిగిలిన గసిలో బెల్లం కలిపి సమంగా పంచి ఆవిడ తగవు తీర్చేవారు.

ఈ ఆకులు వాసన కోసమని నేను చాలా కాలం అనుకున్నాను. తమలపాకులోని హైడ్రాక్సీచవికాల్, యూజినాల్ వంటి ఫీనాల్‌లు, కొవ్వు ఆమ్లాలు పెరాక్సైడ్‌లుగా మారే గొలుసు చర్యను మధ్యలో తెంపుతాయని, తమలపాకు, కరివేపాకు వేసి కాచిన నెయ్యి త్వరగా మక్కదని మన దేశపు పాడి పరిశ్రమ పరిశోధకులు 1970లలోనే పరీక్షించి రాశారని తర్వాత చదివాను. సంప్రదాయంలో మొక్కల యాంటీఆక్సిడెంట్ గుణానికి తిరుగులేని రుజువు ఎక్కడుందని ఎవరైనా నన్ను అడిగితే, నేను ఏ లేహ్యాన్నీ చూపించను, ఈ నేతి గిన్నెనే చూపిస్తాను. ఎందుకంటే ఇక్కడ ఆకు, కొవ్వు, గాలి తప్ప మధ్యలో జీర్ణకోశం లేదు, కాలేయం లేదు, నమ్మకం కూడా లేదు. నెయ్యి మక్కిందా లేదా అన్నది ముక్కు చెబుతుంది.

విశాఖలో చదివినందువల్ల నాకు తెలిసివచ్చిన ఇంకొక సంగతి, ఈ పదార్థాల చరిత్రలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉన్న చోటు. టి.ఆర్. శేషాద్రి గారు 1930లలో వాల్తేరుకు వచ్చి, 1949లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్ళే వరకు, ఇక్కడి పత్తి పూలలో, గోగు పూలలో ఉండే పసుపు రంగు పదార్థాలను శిష్యులతో కలిసి విడదీసి, వాటి నిర్మాణాలు తేల్చారు. ఆయన శిష్యులు ఎరువులు వేసిన చేల గట్ల మీద తిరిగి పూలు సేకరించి ఉంటారని ఊహించుకోవడం నాకు ఇష్టం. ఆనాడు వాటిని పూల రంగులుగానే చదివారు. ఇప్పుడు అదే ఫ్లేవనాయిడ్ కుటుంబాన్ని ఆరోగ్యం పేరుతో అమ్ముతున్నారు. మన పల్లెల్లో పచ్చకామెర్లకు నూరి ఇచ్చే నేల ఉసిరి నుంచి ఫిలాంథిన్ అనే చేదు పదార్థాన్ని శేషాద్రి గారు, కృష్ణమూర్తి గారు 1946లో వేరు చేస్తే, దాని నిర్మాణాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే ఎల్. రామచంద్ర రావు గారి బృందం 1960లలో నిర్ధారించింది. మొత్తం ఫీనాల్‌లు ఎన్ని ఉన్నాయో కొలవడానికి మేము వాడిన నీలం రంగు పరీక్షకు ఫోలిన్, సియోకల్తూల పేర్లు ఉన్నాయి. వారు దానిని 1927లో ప్రకటించినది మాంసకృత్తులలోని టైరోసిన్ కొలవడానికి. మొక్కలకు దానిని తర్వాతి వారు మళ్ళించారు. హార్వర్డ్‌లో ఆ ఫోలిన్ నడిపిన జీవరసాయన విభాగంలోనే మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పని చేశారు. ఫిస్క్‌తో కలిసి 1925లో ఆయన రూపొందించిన ఫాస్ఫరస్ పరీక్షలో వచ్చే నీలం కూడా, మా ఫీనాల్ పరీక్షలోలాగే, మాలిబ్డినం అనే లోహం వల్ల పుట్టేదే. మా గైడు గారు ఫోలిన్ కారకం సీసా మూత తీసినప్పుడల్లా ఈ కథ చెప్పేవారు. మేము వినీ వినీ, ఆయన చెప్పడానికి ముందే వాక్యం పూర్తి చేసేవాళ్ళం. ఆయన నొచ్చుకునేవారు కాదు, ఇంకొక వివరం జోడించేవారు.

ఫలితాలు బాగా వచ్చాయి. మూడు కాయల సారాలూ ఊదా రంగును ఇట్టే విరగ్గొట్టాయి. ఆకుల సారాలు చేస్తున్న తోటి విద్యార్థుల తంటాలు వేరు, పత్రహరితం వల్ల ద్రావణం పచ్చగా ఉండి అంకెలు తారుమారయ్యేవి. ఎండబెట్టిన ఉసిరికాయ పచ్చికాయకు తీసిపోకుండా పని చేయడం మా గదిలో పెద్ద చర్చకు కారణమైంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారి పాత పట్టికల్లో ఉసిరికాయకు 100 గ్రాములకు 600 మిల్లీగ్రాముల సి విటమిన్ ఉన్నట్టు ఉంది. ఎండితే సి విటమిన్ తగ్గాలి కదా, బలం ఎందుకు తగ్గలేదు? ఎంబ్లికానిన్‌ల వంటి టానిన్‌ల వల్లనేనని ఒక వర్గం, కాదని ఇంకొక వర్గం అప్పటికే వ్యాసాలు రాస్తున్నాయి. అసలు ఉసిరికాయలో సి విటమిన్‌గా లెక్కలోకి వస్తున్నదాంట్లో టానిన్‌ల వాటా ఎంత అన్న వాదన కూడా నడిచింది. ఏదేమైనా మాకు కనిపించిన దానిలో టానిన్‌ల చేయి పెద్దదని నా అభిప్రాయం.

వైవాకు వచ్చిన పరీక్షాధికారి నా పట్టికలన్నీ ఓపికగా తిరగేసి, "నాళికలో పని చేసింది సరే, కడుపులోకి వెళ్ళాక ఏమవుతుంది?" అని అడిగారు. టానిన్ అణువులు పెద్దవి, పేగు గోడ దాటి రక్తంలోకి అలాగే చేరవు అని మాత్రం చెప్పగలిగాను. టానిన్‌లు విడిపోగా వచ్చే ఎలాజిక్ ఆమ్లం జాతి పదార్థాలను పేగుల్లోని సూక్ష్మజీవులు యూరోలిథిన్‌లనే చిన్న అణువులుగా మారుస్తాయని, ఒంటికి చేరేవి చాలావరకు అటువంటి రూపాలేనని ఈ మధ్యకాలపు పరిశోధనల వల్ల స్పష్టమైంది. ఆ సూక్ష్మజీవులు అందరిలో ఒకేలా ఉండవు కనుక, ఒకే త్రిఫల చూర్ణం ఇద్దరిలో రెండు విధాలుగా పని చేయవచ్చు.

ముసలితనానికి ఫ్రీ ర్యాడికల్‌లే కారణమని డెన్హామ్ హార్మన్ 1956లో ప్రతిపాదించినప్పటి నుంచి, వాటిని అణిచే పదార్థం ఎంత మింగితే అంత మేలన్న ఆశ పెరుగుతూ వచ్చింది. ఫిన్లాండులో 29,133 మంది పొగతాగే పురుషుల మీద చేసిన పరిశీలన 1994లో వెలువడినప్పుడు, బీటా కెరోటిన్ మాత్రలు వేసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం ఎక్కువగా కనిపించింది. అమెరికా వ్యవసాయ శాఖ ఆహార పదార్థాల యాంటీఆక్సిడెంట్ అంకెల పట్టికను తమ వెబ్‌సైటులో కొన్నేళ్ళు ఉంచి, 2012లో తొలగించింది. నాళికలో వచ్చిన అంకెకు ఒంట్లో జరిగే దానికి పొంతన చూపలేమని, ఆ అంకెలను అమ్మకాల కోసం వాడుకుంటున్నారని వారు చెప్పిన కారణం. మా సిద్ధాంత గ్రంథాలన్నీ అటువంటి అంకెల మీదే నిలిచినవి. దానివల్ల అవి అబద్ధాలు కాలేదు, వాటి పరిధి తెలిసింది. కానీ అట్టపెట్టె మీద "యాంటీఆక్సిడెంట్లు సమృద్ధిగా" అని అచ్చువేసి రెట్టింపు ధరకు అమ్మే పొడులను చూస్తే నాకు కోపం వస్తుంది. మా తాతయ్య బుగ్గన పెట్టుకున్న పెచ్చు గోరంత. అది కూడా దగ్గు ఉన్నన్నాళ్ళే.

కరోనా కాలంలో ఈ తేడా మన ఇళ్ళలోనే బయటపడింది. తిప్పతీగ మా పల్లెలో కంచెల మీద, వేపచెట్ల మీద అల్లుకుని ఉండేది. జ్వరం వచ్చినప్పుడు వేలెడు ముక్క దంచి, కాచి, రెండు మూడు రోజులు ఇచ్చేవారు. 2020, 2021 సంవత్సరాల్లో అదే తీగను రోగనిరోధక శక్తి కోసమని నెలల తరబడి ఉదయం, సాయంత్రం తాగినవారు ఉన్నారు. ముంబయి వైద్యులు 2021లో, తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కొన్ని కేసులను నివేదించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దానితో విభేదించి, వారు వాడినది సరైన జాతి తీగేనా అన్న ప్రశ్న లేవదీసింది. రెండు పక్షాల మాటా విన్న తర్వాత నాకు అర్థమైనంతలో, కంచె మీద తీగను పోల్చుకోగల మనిషి, ఎన్నాళ్ళు ఇవ్వాలో చెప్పే మనిషి, ఇద్దరూ లేకుండా తీగ ఒక్కటే పట్టణానికి వచ్చింది. మా చెల్లెలి అత్తగారు కూడా ఆ రోజుల్లో ఫోను చేసి "బాబూ, రోజూ తాగవచ్చా?" అని అడిగారు. "మీకు సుగర్ మాత్రలు ఉన్నాయి కదండీ, డాక్టరు గారిని అడగకుండా వద్దు. అది కూడా సుగర్ దించుతుంది" అని చెప్పాను.

ఈ ప్రచారం వల్ల మొక్కకు జరిగే నష్టం గురించి మేము చదువుకునే రోజుల్లో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ ఎంత కోసినా చెట్టు మిగులుతుంది. నన్నారి అలా కాదు. రాయలసీమ వేసవిలో నిమ్మరసం, సబ్జా గింజలు వేసి ఇచ్చే ఆ షర్బత్‌కు చాలా చోట్ల వాడేది మారేడు గడ్డలు అని పిలిచే ఒక తీగ వేర్లు. శేషాచలం, నల్లమల కొండల రాళ్ళ సందుల్లో పెరిగే ఆ తీగ దక్షిణ భారతదేశంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. దాని వేర్లలోని యాంటీఆక్సిడెంట్ పదార్థాల మీద మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ వారు మేము చదివి బయటికి వచ్చిన కొద్ది కాలానికే మంచి పని చేశారు. వేరు కావాలంటే తీగను పెకలించాలి. ఇప్పుడది అంతర్జాతీయంగా ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఉంది. కిందటి వేసవిలో తిరుపతి వెళ్ళినప్పుడు షర్బత్ బండి దగ్గర వేర్లు ఎక్కడివని అడిగాను. చిన్నప్పుడు తమ ఊరి కొండ మీదే తవ్వి తెచ్చుకునేవాళ్ళమని, ఇప్పుడు రెండు కొండలు దాటి వెళ్ళినవాళ్ళు కూడా ఒక్కోసారి ఉత్త సంచితో తిరిగి వస్తున్నారని, అందుకే తాను సీసాల్లో వచ్చే సిరప్‌కు మారిపోయానని ఆయన చెప్పాడు. సీసా తిప్పి చూస్తే, దాని మీద ఎసెన్స్ అని రాసి ఉంది.